ఎవరిది భాష, ఎవరిది యాస?

గోదావరి జిల్లాల వాళ్లం మాకు యాస లేదని నమ్ముతూ పెరిగాం. యాస నిజామాబాదు వాడికి ఉంటుంది, శ్రీకాకుళం వాడికి ఉంటుంది, కడప వాడికి ఉంటుంది. మేం మాట్లాడేది మాత్రం తెలుగు. ఈ సంగతి మాకు ఏ బడిలోనూ పాఠంగా చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా లేకపోయింది. పాఠ్యపుస్తకమూ, రేడియో వార్తలూ, పత్రికా, సినిమా హీరో సంభాషణా అన్నీ మా మాటకు దగ్గరి మాటనే మాకు తిరిగి వినిపిస్తూ వచ్చాయి. ఎవడి నోటి వాసన వాడికి తెలియదన్నట్టు, మా యాస మా చెవికి అందలేదు.

కడియం, కడియపులంక మొక్కల తోటల దగ్గర ఒక పూట నిలబడితే ఈ భ్రమ కొంతవరకు వదులుతుంది. అక్కడికి పొరుగు రాష్ట్రాల నుంచి లారీలు వస్తాయి. ఒకనాడు కరీంనగరం వైపు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన తోటలో పనిచేసే ఆవిడతో, "గీ మొక్కలు పైలంగ కట్టుండ్రి, తొవ్వల ఎండిపోతయ్" అన్నాడు. ఆవిడ తల ఎత్తకుండానే "అలాగేనండి, తడిపేసి గోనె కప్పేత్తామండి, ఆయ్" అంది. బేరమూ, మాటా రెండూ నిమిషంలో తెమిలిపోయాయి. పక్కనే నిలబడిన ఒక చదువుకున్న కుర్రాడు, ఇంజనీరింగు పూర్తిచేసినవాడు, నవ్వుతూ నావైపు తిరిగి, "ఏమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కావట్లేదండి మాస్టారూ" అన్నాడు.

అదే మాట, అదే దూరం, అదే గాలి. ఆవిడకు అర్థమైంది, అతనికి కాలేదు. ఆమె చెవి అతని చెవి కంటే సూక్ష్మమైనదని ఎవరూ అనలేరు. ఆ మాట అర్థం కాకపోతే ఆమెకు ఆ పూట కూలి లేదు. అతనికి అర్థం కాకపోయినా నష్టం లేదు సరికదా, అర్థం కాకపోవడంలోనే ఒక చిన్న హోదా ఉంది. మాండలికాల గురించి మన విమర్శకులు చాలా రాశారు గాని, "అర్థం కాదు" అనే ఈ మాటకు ఉన్న చరిత్రను మాత్రం పట్టించుకోలేదని నా అభిప్రాయం. తెలంగాణ పిల్లవాడు ఒకటో తరగతి నుంచి "వచ్చాడు", "చేస్తున్నాడు" అని మా మాట చదువుకున్నాడు. మా పిల్లవాడికి "వచ్చిండు" అనే రూపం ఉందని చెప్పిన పుస్తకం లేదు. కాబట్టి అతనికి మేం అర్థమవుతాం, అతను మాకు అర్థం కాడు. నేర్చుకునే భారమంతా ఒక పక్షం మీదే పడింది.

ఈ సందర్భంలో ఇంగ్లీషు వాళ్ల సంగతి కొంచెం చూడటం మంచిది. ఒకే భాష మాట్లాడే రెండు దేశాలు బ్రిటనూ, అమెరికా. కెన్ లోచ్ 1969లో తీసిన 'కెస్' అనే చిత్రంలో యార్క్‌షైర్ బొగ్గుగనుల ఊరి పిల్లలు తమ మాటే మాట్లాడారు. ఆ మాట అమెరికా పంపిణీదారులకు కొరుకుడు పడలేదు. 1996లో వచ్చిన 'ట్రెయిన్‌స్పాటింగ్' ఎడింబరో యువకుల కథ. అమెరికాలో ప్రదర్శించడానికి దాని మొదటి భాగంలో కొన్ని సంభాషణలకు మళ్లీ డబ్బింగు చెప్పించారు. అయితే సగటు అమెరికన్ చెవికి ఇంకో గుణం కూడా ఉంది. అతనికి లండన్ రేవు కూలీ మాటా, ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడి మాటా మొత్తంమీద "బ్రిటిష్ యాస"గానే వినిపిస్తాయి. వాటిలో ఏది ఇంట్లో గౌరవం పొందేదో, దేన్ని చూసి ఇంట్లోవాళ్లు నవ్వుతారో అతనికి తెలియదు. అది తెలిసింది ఇంగ్లండులో వాళ్లకే. 1941లో బీబీసీ రేడియో, యార్క్‌షైర్‌లో పుట్టిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత జాతీయ వార్తలు చదివిస్తే, ఉత్తరాది మాటలో వార్తలేమిటని శ్రోతలు ఫిర్యాదు చేశారు. వాళ్లకు ఆ వార్తలు అర్థం కాక కాదు.

మనకూ ఇంతే. తమిళదేశంలో ఆకతాయి మనల్ని "గొల్టి" అని వెక్కిరిస్తే ఆ వెక్కిరింపులో కరీంనగరం, కాకినాడ, కదిరి అన్నీ కలిసిపోతాయి. దూరపు చెవికి మనమంతా ఒకటే. ఎక్కువ తక్కువల లెక్క దగ్గరి చెవిది. ఆ లెక్క ఎలా తయారైందన్నదే చరిత్ర ప్రశ్న.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కొన్నేళ్లకే బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట వచ్చింది. కాలువ నీరు పారిన చోట వరి పండింది, వరి మిగులు చదువుగా మారింది, చదువు ఉద్యోగంగా, అచ్చుయంత్రంగా, పత్రికగా మారింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పెట్టడానికి ఆయన ప్రతిభతో పాటు దాన్ని చదవగల, చందా కట్టగల ఒక తరగతి ఆ డెల్టాలో తలెత్తడం కూడా కారణం. తరవాతి కాలంలో విజయవాడ ప్రచురణ కేంద్రమైంది. 1948 డిసెంబరు 1న అక్కడ ఆకాశవాణి కేంద్రం వచ్చింది. అటు నిజాం రాజ్యంలో పైచదువు మాధ్యమం ఉర్దూ. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించింది. తెలుగు బడులే తక్కువైన చోట తెలుగు అచ్చు ఎంత ఉంటుంది? డెల్టా మాట ప్రమాణభాష కావడానికి ఆ మాట తీయదనం కారణమని మా వాళ్లు ఇప్పటికీ సభల్లో చెబుతూ ఉంటారు. తీపి సంగతి నాకు తెలియదు. నీటి సంగతి మాత్రం ఆనకట్ట మీద నిలబడితే ఎవరికైనా కనిపిస్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి మా డెల్టా మనిషి కాడు. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసినవాడు. ఆయనతో కలిసి నిలిచిన గురజాడ విజయనగరం వాడు. వాళ్లకు ఎదురు నిలిచి, 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపనకు ముందు నడిచి, గ్రాంథికం కోసం వాదించిన జయంతి రామయ్య పంతులు కోనసీమ ముక్తేశ్వరంలో పుట్టినవాడు. అంటే వాడుకభాష కోసం కొట్లాడింది కళింగాంధ్ర, అడ్డుపడిన వారిలో ముఖ్యుడు గోదావరి బిడ్డ. చివరికి గెలిచిన వాడుకభాష మాత్రం కృష్ణా గోదావరి డెల్టాలది! గిడుగు కోరినది శిష్టుల వ్యావహారికం. శిష్టులెవరు అన్న ప్రశ్నకు కాలువలు ముందే జవాబు రాసిపెట్టాయి.

ఇక్కడ మా ప్రాంతం పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. గెలిచినది గోదావరి మాట అంతా కాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లో వినిపించే అగ్రహారపు ఇల్లాళ్ల పలుకు సాహిత్య గౌరవం పొందింది. కడియం తోటల్లో అంట్లు కట్టే మనిషి "కప్పేత్తామండి" పొందలేదు. సినిమాలో "ఆయ్, అలాగేనండి" అనేవాడు ఇప్పటికీ హాస్యగాడే. కనుక ప్రమాణభాషకు ప్రాంతం ఎంత ఉందో, కులమూ వర్గమూ అంత ఉన్నాయి.

తెలంగాణ సంగతికి వస్తే, అక్కడి తెలుగు రెండుసార్లు నవ్వులపాలైంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని యువ రచయితలకు నా మనవి. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ థియేటరులో సంఘసంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. వక్తలు ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే సభ గోలచేసి అతన్ని మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది; దానిలోంచి గ్రంథాలయాలు, ఆంధ్ర మహాసభ, చివరకు ఎక్కడికి దారితీసిందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఇది తెలుగు మాట్లాడినందుకు జరిగిన అవమానం.

రెండోది తెలుగువాళ్ల చేతిలోనే జరిగింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అన్న ధోరణిలో ఒకరు పత్రికలో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి వాదానికి దిగకుండా ఊరూరికీ ఉత్తరాలు రాసి, 354 మంది కవుల వివరాలూ పద్యాలూ సేకరించి 1934లో 'గోల్కొండ కవుల సంచిక' అచ్చువేశాడు. విమర్శకు ఇంతకన్న దిటవైన సమాధానం నేనెరగను. అయినా 1956లో రాష్ట్రాలు కలిశాక పాఠ్యపుస్తకాలూ, ప్రసార మాధ్యమాలూ మా డెల్టా మాటకే దగ్గరగా నడిచాయి. ఉర్దూ రాజ్యంలో తెలుగు కోసం నిలబడ్డ తరానికి, "మీరు మాట్లాడేది ఉర్దూ కలిసిన సంకరం, తెలుగు కాదు" అనే మాట కోస్తా నోట వినవలసి వచ్చింది. బడి పుస్తకంలోని భాషకూ జనం నోటి పలుకుబడికీ మధ్య అగాధాన్ని కాళోజీ జీవితాంతం ఎత్తిచూపుతూ వచ్చింది ఇందుకే. ఇప్పుడు ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణకు భాషాదినం, గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29 ఆంధ్రకు భాషాదినం. మధ్య పదకొండు రోజులు. ఇద్దరూ జనం మాట కోసమే మాట్లాడారు. రెండు ఉత్సవాల్లోనూ ఎవరి దండ వారిదే.

సంకరం అన్నారు కాబట్టి ఒక చిన్న వ్యాకరణం లెక్క చూద్దాం. పాత రూపం "వచ్చినాడు". రాయలసీమలో ఈనాటికీ "వచ్చినాడు" అనే అంటారు. తెలంగాణ "వచ్చిండు" దానికి దగ్గరి చుట్టం. నకారం జాడ ఇంకా మిగిలే ఉంది. మా "వచ్చాడు"లో ఆ జాడ కూడా లేదు. అన్నింటికంటే ఎక్కువ అరిగిన రూపం మాది, మిగతా వాళ్లని అరగదీశారనేదీ మేమే. "త్రోవ" కావ్యంలో వస్తే టీక రాసి పిల్లలకు చెబుతాం. "తొవ్వ" అని లారీ మనిషి అంటే నవ్వుతాం. "ఎరుక" పద్యంలో ఉంటే వేదాంతం, "నాకెరుకే" అని హైదరాబాదు ఆటో అతను అంటే యాస. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో 1962లో సాహిత్య అకాడమీ వేసిన 'మాండలిక వృత్తిపదకోశం' వ్యవసాయ సంపుటాన్ని తెలుగు ఎం.ఏ. చదివే ప్రతి విద్యార్థీ ఒకసారి తిరగెయ్యాలి. నాగలికి, కాడికి, ఊడ్పులకు జిల్లా జిల్లాకూ ఉన్న మాటలు చూస్తే, మనం "తెలుగు" అనుకుంటున్నది ఎంత ఇరుకైన గదో తెలుస్తుంది. మేం ఊడ్పులంటే అక్కడ నాట్లు; మెట్ట నేలకు అక్కడ "చెలక" అనే చక్కని మాట ఉంది. చెలక అంటే మా కాలువ కింది రైతుకు తెలియకపోవచ్చు. అది అతని నేల చేసిన పని, అతని తప్పు కాదు. తెలియనిదాన్ని తక్కువదనుకోవడం దగ్గరే తప్పంతా ఉంది.

ఈ తప్పుకు సాహిత్యంలో ఒక వంశవృక్షం ఉంది. వేదం వెంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం', గురజాడ 'కన్యాశుల్కం' తొలి కూర్పు రెండూ 1897లోనే అచ్చయ్యాయి. వేదం వారిది పాత్రోచిత భాష. రాజూ మంత్రీ గ్రాంథికం మాట్లాడతారు, చాకలి పేరిగాడు తన మాట మాట్లాడతాడు. ఆ రోజుల్లో అదొక సాహసమే. కాని ఆ పద్ధతిలో మనిషి అంతస్తును బట్టి అతని నోరు నిర్ణయమైపోతుంది. వాడుక మాట కిందివాడికి వేసిన వేషం అవుతుంది. గురజాడ అలా చెయ్యలేదు. గిరీశమూ, మధురవాణీ, అగ్నిహోత్రావధాన్లూ, అసిరీ అంతా నోటి మాటే మాట్లాడతారు, ఎవరి నోరు వారిది. మనం శతజయంతులు గురజాడకు చేశాం, అనుసరించింది మాత్రం వేదం వారిని.

తెలుగు సినిమా చాలాకాలం సాగించింది ఈ పాత్రోచిత భాషనే. హీరో ఏ ఊరి వాడైనా డెల్టా శిష్టభాష మాట్లాడతాడు; నౌకరూ, రౌడీ, తాగుబోతూ యాస మాట్లాడతారు. 1985లో 'ప్రతిఘటన' వచ్చింది. అన్యాయాన్ని ఎదిరించిన అభ్యుదయ చిత్రంగా మనమంతా మెచ్చుకున్నదే. అందులో దుర్మార్గుడైన నాయకుడి నోట తెలంగాణ మాట పెట్టారు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు ఆ మాటను ఎంత గొప్పగా పట్టుకున్నారంటే, ఆ తరవాత ఏళ్ల తరబడి ఆ మాట వినగానే కోస్తా ప్రేక్షకుడికి దుర్మార్గుడే గుర్తొచ్చాడు. నటుణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ నాయకుడు ఏలూరు మాట మాట్లాడితే కథకు వచ్చే లోటేమిటని మన పత్రికల్లోనైనా ఎవరమూ గట్టిగా అడగలేదు. అంతకు ముందే 1979లో గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు తీసిన 'మా భూమి' ఉంది. అక్కడ రైతూ, కూలీ, పోరాడేవాడూ అందరిదీ తెలంగాణ మాటే. అది అర్థం కాలేదని ఏ ప్రేక్షకుడూ లేచిపోలేదు.

మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం తెలంగాణ పోరాటాన్ని తనదిగా భావించింది. 1947 నాటి 'మా భూమి' నాటకం సుంకర, వాసిరెడ్డి రాశారు. తెలంగాణ రైతు గోడు కోస్తా ఊళ్లకు చేరింది కోస్తా రచయితల కలం గుండానే. ఆ సేవ చిన్నది కాదు. అయితే మన కథకు ఒక అలవాటు పడిపోయింది. రచయిత మాట శిష్టంలో, కూలివాడి మాట కొటేషన్లలో. కొటేషను గుర్తులు ఆ మనిషి చుట్టూ కట్టిన కంచెలా ఉంటాయి. ఆలోచన రచయితది, ఉద్రేకం పాత్రది. ఈ కంచె తెంపినవాళ్లు కొద్దిమందే. యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు'లో, నామిని 'పచ్చ నాకు సాక్షిగా'లో కథ చెప్పే గొంతే తన ఊరి గొంతు. రావిశాస్త్రిలో విశాఖ సందుల మాట సంభాషణ దాటి కథనంలోకి ప్రవహించింది. వీళ్లను చదివి "భాష భలే గమ్మత్తుగా ఉంది" అని మెచ్చుకునే విమర్శకులున్నారు. ఆ గమ్మత్తు అనే మాట వెనక కూడా ఆ ఇంజనీరింగు కుర్రాడి నవ్వే వినిపిస్తుంది నాకు.

ఈ మధ్య గాలి మారిందంటారు. 'ఫిదా' (2017) కథానాయిక తెలంగాణ మాట మాట్లాడింది, 'పుష్ప' (2021) హీరో చిత్తూరు మాట మాట్లాడాడు, 'బలగం' (2023) పల్లె అంతా తన మాటే మాట్లాడి రెండు రాష్ట్రాలనూ ఏడిపించింది. సంతోషమే. అయితే యాస సరుకుగా అమ్ముడుపోవడం వేరు, సమానంగా చూడటం వేరు. టీవీ వార్తల్లో యాసకు ఎక్కువగా దక్కింది వ్యంగ్యం చెప్పే వేళ; బడ్జెట్టూ, తీర్పులూ చదివేటప్పుడు మళ్లీ శిష్టమే.

ఇంత రాసినవాణ్ణి నేనేదో శుద్ధుణ్ణని పాఠకులు అనుకోకూడదు. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో శ్రీకాకుళం నుంచి ఇటుకబట్టీ పనికి వలస వచ్చిన వాళ్ల అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరింది. మొదటి వారంలోనే వ్యాసంలో "నాను" అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేసి, పైకి చదివి, "నాను కాదమ్మా, నేను" అన్నాను. తరగతి నవ్వింది. నేనూ నవ్వాననే గుర్తు. ఆ తరవాత నాలుగు నెలలు ఆ పిల్ల నా పీరియడులో నోరు విప్పలేదు. మందకొడి అని హాజరుపట్టీ పక్కన రాసుకున్నాను కూడా.

పాఠశాల వార్షికోత్సవానికి 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు ఇంటి రంగం ఒకటి వేయిస్తున్నాను. అసిరి వేషం మా ఊరి కుర్రాడిది. వాడు సినిమాల్లో విన్న ఉత్తరాంధ్ర మాటను సాగదీసి, కళ్లు తిప్పి అంటుంటే అందరూ పడీపడీ నవ్వుతున్నారు. నాకూ బాగానే ఉందనిపించింది. గుమ్మం దగ్గర నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది: "ఎవులూ అలగనరు మేస్టారూ."

"మరెలా అంటారు?" అన్నాను. చెప్పింది. సాగదీత లేదు, కళ్లు తిప్పడం లేదు. యజమాని మీద విసుగూ, భయమూ, లోపల కొంచెం ఎగతాళీ కలిసిన ఒక పనివాడి మామూలు మాట. గురజాడను ఇరవయ్యేళ్లుగా చదువుతున్నాను. అసిరిని మొదటిసారి విన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆ ఏడాది అసిరి వేషం ఆ అమ్మాయే వేసింది. రిహార్సల్ అయ్యాక ఒకరోజు, "పరీచ్చలో కూడా ఇలగ రాయొచ్చా మేస్టారూ?" అని అడిగింది. మూల్యాంకనం చేసేవాళ్లు ఎవరో, ఏ జిల్లా వాళ్లో నాకు తెలియదు. "వద్దులే అమ్మా" అన్నాను. తల ఊపింది. సంవత్సరాంత పరీక్షలో జవాబులన్నిటిలోనూ "నేను" అనే రాసింది. దిద్దడానికి నాకేమీ మిగల్లేదు.